రెండో పొట్లం

ఆడి నెల కృత్తిక పండగ మరునాడు ఆదివారం. ఉదయం ఎనిమిది కాకముందే చేపల కన్నియమ్మ మా వీధిలోకి వచ్చింది. తిరువళ్ళూరులో మా వైపు ఆమె గొంతు వినపడి రెండు నెలలు దాటింది. కృత్తికకు ఉపవాసమున్న ఇళ్ళవాళ్ళందరూ మరునాడు చేపల కోసం ఎదురుచూస్తారు. ఆ రోజు ఏ చేపలమ్మీ ఇంట్లో కూర్చోదు. అందుకే వచ్చిందనుకున్నాను.

నేను వసారాలో కూర్చుని పదో తరగతి తెలుగు వ్యాసాలు దిద్దుతున్నాను. మా బడిలో ఆ ఏడు తెలుగు చదివేవాళ్ళు పదకొండు మందే. పని తొందరగా అయిపోతుంది. అయిపోకుండా ఉండాలని ఒక్కొక్క పుస్తకాన్నీ రెండుసార్లు దిద్దేవాణ్ణి.

కన్నియమ్మ కేక వేయలేదు. గంపను మెట్టు మీద కాక గేటు బయటే దించింది. మెడ చాచి లోపలి తలుపు దాకా చూసింది.

"పాప యాడ సార్?" అంది.

నా భార్య కోకిలను ఆమె పాప అనేది. కోకిలకు ముప్పై నిండాయి.

"చనిపోయింది," అన్నాను. "వైకాశి నెలలో."

ఈ మాట వినగానే ఎవరైనా ఎట్లా అని అడుగుతారు. రెండు నెలలుగా ఆ ప్రశ్నకు నేను ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకున్నాను. కన్నియమ్మ అది అడగలేదు.

"ఏ దినం సార్?"

"నువ్వు గుడ్లు తెచ్చిచ్చిన మరునాడు."

ఆమె గేటు కడ్డీలు పట్టుకుని అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ గుడ్ల సంగతి చెప్పాలి.

మాకు పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. కోకిల తల్లి వరదమ్మ నాకు మేనత్త. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె తిరుత్తణిలో చిన్నకూతురు రాజామణి దగ్గర ఉంటుంది. రాజామణికి పెళ్ళయి నాలుగేళ్ళు. ఆమెకూ ఇంకా కడుపు పండలేదు. మా సేద్యగాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళ వాడుక ఒకటి ఉంది. పిల్లలు లేని స్త్రీకి నిండు చూలుతో ఉన్న చేప గుడ్లను పులుసు పెట్టి తినిపిస్తారు. లక్ష గుడ్లలో ఒక్కటైనా నిలవకపోదని నమ్మకం. దానికి నియమాలున్నాయి. తల్లే వండాలి. తినవలసిన మనిషి తప్ప ఇంట్లో మరొకరు ముట్టకూడదు. ముడితే ఫలం చీలిపోతుందట. వండే మనిషి ఉప్పు చూడటానికైనా నాలుక మీద వేసుకోకూడదు.

ఆ చివరి నియమాన్ని గురించి తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను.

వేసవి సెలవుల్లో అత్త మా ఇంటికి వచ్చి, కన్నియమ్మకు చెప్పి, మడవ చేప గుడ్లు తెప్పించింది. శనివారం సాయంత్రం రెండు ఆకు పొట్లాలు వచ్చాయి. చేపను మేమెవరం చూడలేదు. గుడ్లు మాత్రమే, పసుపుపచ్చగా, సంచుల్లో ఉన్నట్టు పొరలతో ఉన్నాయి. ఒక పొట్లాన్ని అత్త ఉప్పు, పసుపు పట్టించి చేటలో పరిచి, గుడ్డ కప్పి మిద్దె మీద ఎండబెట్టింది. రెండోదాన్ని మరునాడు, ఆదివారం మధ్యాహ్నం, చింతపండు పులుసులో వండింది. కోకిల ఒక్కతే తిన్నది.

నేను పక్క గదిలో ఉన్నాను. వాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"అమా, పెదవులు జుమ్ముమంటాండాయి."

"అంటాయి మల్ల. లచ్చ గుడ్లు లోపలికి పోతాంటే గమ్మునుంటాదా? ఇంకో ముద్ద తిను."

"నాలిక మింద చీమలు పాకతాండాయి."

"చీమలో, పిల్లోళ్ళో, సరిగ్గా చూడు," అని అత్త నవ్వింది. కోకిల కూడా నవ్వింది.

నేను లేచి వెళ్ళాను. తిమ్మిరా, మంటా, కారమా అని అడిగాను. సరిగ్గా చెప్పమన్నాను. పిల్లల్ని అడిగినట్టే అడిగాను. కోకిల పెదవులు చేత్తో తడుముకుంది.

"తిమ్మిరి కాదు. మంట గూడా కాదు. నా పెదవులు నావి కానట్టుండాది," అంది.

మంచి వాక్యం అన్నాను.

అప్పుడు ఒంటిగంట. రెండున్నరకు చేతివేళ్ళు మొద్దుబారాయి. మూడుకు వాంతులు. గుర్రబ్బండిలో ఆసుపత్రికి తీసుకుపోయాం. చేప గుడ్లు తిన్నదని అత్త తానే చెప్పింది. ఆ వారం ఊళ్ళో మరి కొందరు వాంతులతో పడి ఉన్నారు. ఇది చేప వల్ల కాదు, నీళ్ళ వల్ల అని డాక్టరు అన్నారు. నాలుగున్నరకు కోకిల మాట పడిపోయింది. కాళ్ళూ చేతులూ కదలలేదు. స్పృహ లేదని అక్కడివాళ్ళు నాకు చెప్పారు. నేను అత్తకు చెప్పాను. వచ్చిన ప్రతివారికీ చెప్పాను, ఆ మంచం పక్కనే నిలబడి. ఆరు గంటలకు ఊపిరి ఆగింది.

కన్నియమ్మ ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

"ఆ గుడ్లు మావోళ్ళు పట్టిన చేపవి కాదు సార్. ఆ వారం మడవ పడలా. మీ అత్తమ్మకు మాట ఇచ్చేసినానే అని ఒడ్డంతా తిరిగినా. యాడినుంచో కొత్తగా వచ్చినోళ్ళు గుడిసెలేసుకొని చేపలు ఎండబెడతా ఉండిరి. వాళ్ళ కాడ గుడ్లు కుప్పగా ఉండె. ఏం చేప అంటే మడవే అనినారు. తల లేదు, తోలు లేదు. నమ్మేసినా."

"ఏ చేప అది?"

"పేత్తై సార్. పట్టుకుంటే కడుపు బంతి మాదిరి ఉబ్బించుకుంటాదే, అది. మా పళవేర్కాడు ఉప్పునీళ్ళ చెరువులో ముందంతా ఒకటీ అరా కనిపించేది. తుఫానుకు అది సముద్రంలో కలిసే మూతి పెద్దదయిపాయె. అప్పట్నుంచి గుంపులు గుంపులుగా లోపలికి వచ్చి పడతాండాయి. వల కొరికేస్తాండాయి. మా రొయ్యలన్నీ మింగేస్తాండాయి. దాన్ని మావోళ్ళు కాకికి గూడా ఎయ్యరు సార్."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ వారమే ఆ కొత్తోళ్ళలో ఒక ఆడమనిషి ఆ గుడ్లే తిని పోయింది. ఫిషరీసు ఆఫీసరు వచ్చి చేపల్ని సీసాల్లో ఏసుకొని పోయినాడు. అప్పుడు తెలిసింది. ఈ దిక్కుకు రావాలంటే కాళ్ళు రాలా సార్. ఏమన్నా అయ్యుంటే ఎవురో ఒకరు చెప్పుంటారులే అని ఉంటిని. ఈ పొద్దు పాపను దూరంనుంచి ఒక తూరి చూసేసి పోదామని..."

గంపలో చేపలు తక్కువే ఉన్నాయి. ఆమె అమ్మకానికి రాలేదు.

నేను ఆమెను ఏమీ అనలేదు. అది మంచితనం కాదు. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆమె తాగలేదు. చెంబును ఒడిలో పట్టుకుని కూర్చుంది.

తలుపు దగ్గరగా వేసి పక్క వీధిలో సుబ్రమణ్యం ఇంటికి వెళ్ళాను. మా బడిలో జంతుశాస్త్రం చెప్పేది ఆయనే. చేప పేరు, కోకిలకు ఏ గంటకు ఏమైందో వరుసగా చెప్పాను. ఆయన లేచి, తాను కాలేజీలో చదివిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దించి, దుమ్ము దులిపి, వెతికాడు. దొరికాక నా వైపు చూడకుండా చదువుతూ తెలుగులో చెప్పాడు.

"విషం ఒళ్ళంతా ఒకే మాదిరి ఉండదు సార్. కాలేయంలో, అండాశయంలో జాస్తి. పేరు టెట్రోడోటాక్సిన్. మగదాని కన్నా ఆడదాంట్లో జాస్తి. ఏడాది పొడుగునా గూడా ఒకే మాదిరి ఉండదు. గుడ్లు పెట్టే కాలం దగ్గరయ్యేకొద్దీ అండాశయంలో పెరుగుతా వస్తాది. నిండు చూలుతో ఉన్నప్పుడు అన్నిటికన్నా జాస్తి."

"ఎందుకట్లా?"

"గుడ్లను ఇంకో చేప తినకుండా తల్లి పెట్టే కాపు అని కొందరు అనుకుంటారు. రుజువు కాలేదని రాసుండాడు." ఆయన వేలు పేజీ మీద కిందికి జరిగింది. "మొదట పెదవులు, నాలిక. ఆ పైన వేళ్ళు. వాంతులు. కండరాలు పనిచెయ్యవు. మాట రాదు, ఊపిరి..." అక్కడ ఆగాడు.

"చదవండి."

"ఒద్దు సార్."

"చదవండి."

"తెలివి మాత్రం కడదాకా ఉంటాది," అన్నాడు.

గోడ గడియారం కింద వాళ్ళ అమ్మాయి బడి సంచీ తగిలించి ఉంది. కాసేపు దానివైపే చూశాను. కోకిల మంచం పక్కన నిలబడి నేను అన్న మాటలు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. ఆమెకు ఏమీ తెలియడం లేదు. బాధ తెలియదు. ఇక లాభం లేదంటున్నారు. ఇవన్నీ నావే.

"వండితే పోదా?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

"పోదు సార్. ఉడకబెట్టినా పోదు. ఉప్పేసి ఎండబెట్టినా గూడా..."

నేను లేచి నిలబడ్డాను.

కర్మాంతరం అయిన మరునాడు అత్త తిరుత్తణికి బయలుదేరింది. ఆమె సంచీని నేనే బస్సు పైకి ఎత్తిచ్చాను. బరువు చూసి ఏమున్నాయని అడిగాను. గాజు సీసా ఉంది, మెల్లగా పెట్టు నాయనా అంది. మిద్దె మీద ఎండిన రెండో పొట్లం. మేమంతా మరిచిపోతే ఆమె ఒక్కతే గుర్తుపెట్టుకుని నాలుగో రోజు దించి సీసాలో పోసుకుంది. "దీనికి దక్కలా. దానికైనా దక్కనీ," అంది.

పోయిన వారం రాజామణి కార్డు రాసింది. ఆమెకు తెలుగు రాయడం రాదు, తమిళంలో రాస్తుంది. కృత్తికకు కావడి ఎత్తుతున్నాననీ, గుండు మొక్కు ఉందనీ, ఆడి నెలంతా నీచు ముట్టలేదనీ, మరునాడు ఆదివారం అమ్మ గుడ్ల పులుసు పెడతానంటోందనీ, నువ్వూ రావాలి బావా అనీ. నేను జవాబు రాయలేదు.

ఆ ఆదివారం ఇదే. తొమ్మిది దాటింది. వాళ్ళింట్లో పన్నెండుకు తింటారు.

ఫోను ఉన్న ఇల్లు వాళ్ళ వీధిలో లేదు. ఆదివారం తంతి ఇచ్చినా అది సోమవారానికి చేరుతుంది. సుబ్రమణ్యం తన సైకిలు మీద నన్ను బస్టాండులో దించాడు. తిరుత్తణి నుంచి వచ్చే బస్సులన్నీ గుండ్లతో, ఖాళీ కావళ్ళతో కిక్కిరిసి ఉన్నాయి. అటు పోయే బస్సులో పది మందిమి కూడా లేము. జనం నిండేదాకా కండక్టరు కదలనివ్వలేదు.

"పండగ నిన్ననే అయిపాయె గదా సార్," అన్నాడు టిక్కెట్టు చించుతూ. "ఇప్పుడా పోతాండారు? సామి గూడా అలిసిపోయి పండుకోనుంటాడు."

"పోనివ్వయ్యా," అన్నాను.

"పోతాం సార్. సామి యాడికీ పోడు."

కనకమ్మసత్రం దగ్గర డ్రైవరు టీకి దిగాడు. నేను కిందికి దిగి అతని ఎదుట నిలబడ్డాను. ఇంట్లో ప్రాణం మీదికి వచ్చిందని అన్నాను. అతను సగం గ్లాసు వదిలేసి లేచాడు. అక్కణ్ణుంచి వేగంగానే పోనిచ్చాడు. దారి పొడుగునా నేను వాక్యాలు కూర్చుకుంటున్నాను. అత్తతో ఏమి చెప్పాలి, ఏమి చెప్పకూడదు. కొండ కనపడేసరికి ఒకటి నిర్ణయించుకున్నాను. నిజం చెప్పను. గుడ్లు చెడిపోయాయని చెప్పి పారవేయిస్తాను. కూతురికి తన చేత్తో విషం పెట్టానని తెలిసి ఆ ముసలామె ఎట్లా బతుకుతుంది? తల్లి చేప సంగతి అసలే చెప్పను. కోకిల అన్నీ వింటూ ఉండిందని ఎన్నడూ చెప్పను.

పదకొండున్నరకు వాళ్ళింటి ముందు ఉన్నాను.

పక్కింటి సెల్లమ్మ మెట్టు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏం వాద్యారే, ఈ పొద్దు పిల్లోళ్ళకు లీవా?" అని నన్ను పలకరించి, మళ్ళీ లోపలికి కేకవేసింది. "అక్కా, అంతా నీ కూతురికే పెట్టేస్తే నా ఇంట్లో ఉయ్యాల ఎప్పుడు కట్టేది? మా కోడలికి రవంత మిగిలించు."

"సీసాలో ఇంకా సగముండాది లేవే," అని లోపలినుంచి అత్త గొంతు వచ్చింది. "సాయంత్రం గిన్నె తీసుకొని రా."

రాజామణి ఎదురు వచ్చింది. గుండు మీద గంధం ఎండి పగుళ్ళు విచ్చింది. జుట్టు లేకపోయేసరికి ఆమెకు అక్క పోలిక ఇంత ఉందని మొదటిసారి తెలిసింది.

"రా బావా! అన్నం వేళకు సరిగ్గా వచ్చినావు. నీకు మాత్రం రసమే. అమ్మ ఈ పొద్దు నన్నొక్కదాన్నే మేపతాంది," అంది.

"తిన్నావా?"

"ఇంకా లేదు. ఏంది బావా, చెమట్లు కారతాండాయి?"

వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతోంది, మెంతుల వాసన. పక్కన తట్టలో బియ్యం కడుగులో గుడ్లు నానుతున్నాయి. ఎండినప్పుడు ముదురు రంగు తిరిగినవి నీళ్ళు పీల్చి మళ్ళీ పసుపుపచ్చగా అయ్యాయి. అత్త పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఆమె మొహం వెలిగింది.

"వచ్చినావా నాయనా. రావేమో అనుకుంటి."

"అత్తా, ఆ గుడ్లు వద్దు. చెడిపోయాయి," అన్నాను.

"ఏంది?"

"చెడిపోయాయి. వాసన వస్తోంది. పారేద్దాం."

ఆమె నన్ను కిందినుంచి పైకి చూసింది. "వాకిట్లో కాలు పెట్టకముందే వాసన వచ్చేసిందా నీకు? నలభై ఏండ్లుగా ఎండబెడతాండా. నా చేత్తో ఎండినవి ఏడాదైనా చెడవు. తిరువళ్ళూరు నీళ్ళు తాగి నీ ముక్కు చెడిపోయింది గానీ."

"కాదత్తా. నా మాట విను."

"అనుమానమైతే చూడు," అని తట్టలోంచి చిన్న ముక్క తుంచింది.

"అమా, వండేవాళ్ళు నోట్లో ఏసుకోగూడదు గదా!" అంది రాజామణి గుమ్మంలోంచి.

"ఇంకా పొయ్యి మింద పెట్టలే గదే. పరవాలే. వీడికి బుద్ధి రావాల గదా," అని అత్త నాలుక చాచి ఆ ముక్కను పెట్టుకుంది.

నేను ఆమె మొహం మీద కొట్టాను. చేతి మీద కొట్టబోయాను, తొందరలో అది చెంప మీద పడింది. నన్ను పెంచిన మనిషి. ముక్క నేల మీద పడింది. తట్ట బోర్లపడి గుడ్లు పొయ్యి దాకా చెదిరాయి.

"ఉమ్ము! ఉమ్మెయ్యి అత్తా! నీళ్ళు, రాజామణీ, నీళ్ళు తే!"

ఆమె నోరు నేనే కడిగాను. అయిదారు చెంబుల నీళ్ళు పుక్కిలింపజేశాను. ఆమె అడ్డు చెప్పలేదు. నేను కొట్టిన చెంప ఎర్రగా ఉంది. చివరికి తల ఎత్తి, మెల్లగా అడిగింది.

"ఏముండాది నాయనా దాంట్లో?"

దారిలో కూర్చుకున్న వాక్యాల్లో ఒక్కటీ మిగలలేదు. అబద్ధం చెప్పినందువల్లే ఆ ముక్క ఆమె నాలుక మీదికి వెళ్ళింది.

"కోకిల పోయింది నీళ్ళ వల్ల కాదత్తా," అన్నాను. "ఈ గుడ్ల వల్ల."

పులుసు పొంగి పొయ్యిలో పడింది. రాజామణి వంగి కట్టెలు వెనక్కి లాగింది. ఆ తర్వాత ఆమె గోడకు ఆనుకుని నిలబడి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

ఆసుపత్రికి పోదామన్నాను. అత్త ఒప్పుకోలేదు. అక్కడ దీనికి మందుందా అంది. లేదు, ఊపిరి ఆగితే ఆడించాలంతే అని సైకిలు మీద సుబ్రమణ్యం చెప్పిందే చెప్పాను. అయితే ఆగినప్పుడు పోదాం అంది. నేను రాజామణిని పంపి వీధి చివర ఒక గుర్రబ్బండిని పిలిపించి వాకిట్లో నిలిపాను. ముగ్గురం వంటింట్లోనే కూర్చున్నాం. నా గడియారంలో పన్నెండు కావస్తోంది.

ప్రతి అయిదు నిమిషాలకూ అడిగాను. పెదవులు ఎట్లా ఉన్నాయి? నాలుక? వేళ్ళ కొసలు? అవే ప్రశ్నలు. వైకాశిలో అడిగినప్పుడు జవాబు బాగుందా లేదా అని చూశాను. ఇప్పుడు ఆమె ఏ మాటలో చెప్పినా చాలు.

మధ్యలో ఆమె అడుగుతోంటే కన్నియమ్మ చెప్పింది చెప్పాను. పుస్తకంలో ఉన్నది చెప్పాను. తల్లి చేప సంగతి దాచుదామనుకున్నాను; ఆమె దాన్ని తానే అడిగింది.

"గుడ్లలోనే ఎందుకుండాది అంత?"

"వేరే చేపలు తినకుండా అని కొందరంటారు."

"ఓహో," అంది. తన అరచేతులు చూసుకుంది. "ఆయమ్మి నాలిక మింద చీమలు అనినప్పుడు ఇంకో ముద్ద తిను అన్నా. నువ్వు వినుంటావు."

"విన్నాను. నేను కూడా లేచి వచ్చి చూసి పోయాను."

"డాక్టరుకు చెప్పినా గదరా, గుడ్లు తినిందని."

"చెప్పావు."

పన్నెండున్నర. రాజామణి చెదిరిన గుడ్లను చీపురుతో ఒక చోటికి చేర్చింది. సీసాను తెచ్చి పక్కన పెట్టింది. సీసా సగానికి ఉంది.

"కడాన దానికి తెలివుండెనా?" అని అత్త అడిగింది.

ఈ ఒక్కటీ చెప్పకూడదనుకున్నాను. ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. ఆమె చెంప మీద నా వేళ్ళ గుర్తులు ఇంకా పోలేదు.

"ఉండింది," అన్నాను. "కదలలేకపోయింది, మాట్లాడలేకపోయింది గానీ, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. వింటూనే ఉంది."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె ఏడుస్తోందనుకున్నాను, కాదు.

"అయితే నా మాటలు వినిందిరా," అంది. "నేను దాని చెవికాడ మాట్లాడతానే ఉంటిని. నేనుండానమ్మా, యాడికీ పోలా, నీ కాళ్ళు పట్టుకోనుండా అని. ఊరుకో అత్తా, దానికేం తెలీదు అని నువ్వు రెండు తూర్లు కసురుకుంటివి. నేను ఊరుకోలా."

ఆమె అన్నది నిజం. రెండుసార్లు కాదు, మూడుసార్లు అన్నాను.

"వినింది గదా?" అని మళ్ళీ అడిగింది.

"వినింది అత్తా."

నేను ఒంటిగంటకు పెదవుల సంగతి అడిగాను, ఒకటిన్నరకు అడిగాను. రెండు గంటలకు ఆమె విసుక్కుంది.

"నా పెదవులు నావే లేరా. నాకేం కాలా. నాకెందుకవుతాది?" అంది.

బండివాణ్ణి మూడు దాకా ఉంచి పంపించాను. గడ్డపార తీసుకుని పెరట్లో నడుము లోతు గుంట తవ్వాను. కుక్కలు తవ్వకుండా లోతు ఉండాలని చెబితే, రాజామణి భర్త చెంగల్రాయుడు పొలం నుంచి వచ్చి ఇంకొంత తవ్వాడు. గుడ్లను, సీసాను, తట్టను, చీపురును కూడా అందులో వేసి సున్నం పోశాం. అత్త దగ్గర నిలబడి చూసింది. ఆయమ్మను ఏమన్నా అన్నావా అని కన్నియమ్మ గురించి అడిగింది. లేదన్నాను. అనొద్దు, నేనే పోరు పెట్టి అడిగినా గుడ్లు కావాలని, అంది. కన్నియమ్మకు నీళ్ళిచ్చి చెప్పకుండా వచ్చేశానని అప్పుడు గుర్తొచ్చింది. చెంబు ఇంకా ఆమె ఒడిలోనే ఉందో ఏమో.

ఎండ దిగాక సెల్లమ్మ గిన్నె తీసుకుని వచ్చింది.

"ఏమక్కా, మీ ఇంట్లో పొద్దుట్నుంచి బండేంది, గుంతేంది? అంతా ఎత్తిపెట్టేస్తివా, మా కోడలికి ఉంచినావా?" అని నవ్వుతూ వాకిట్లో నిలబడింది. వెనక ఆమె కోడలు కూడా ఉంది, పద్దెనిమిదేళ్ళ పిల్ల.

నేను ముందుకు కదిలాను. ఇట్లాంటి విషయం ఎవరికీ భయం కలగకుండా, ఎవరి మీదా నింద పడకుండా, వరుసగా చెప్పడం ఎట్లాగో నాకు తెలుసు. అత్త నా చేతి మీద తన చెయ్యి వేసి ఆపింది. తానే మెట్టు దిగి సెల్లమ్మ ఎదుటికి పోయింది.

"ఆ గుడ్లు నేనే వండినా. నా చేత్తో పెట్టినా. నా బిడ్డ వద్దంటాంటే ఇంకో ముద్ద తిను అన్నా. అది చచ్చిపోయింది," అంది. "చేపను కండ్లతో చూడకుండా గుడ్లు వండొద్దు. వీధిలో అందరికీ చెప్పు. వరదమ్మ చెప్పిందని చెప్పు."

కోకిల వద్దనలేదు. ఆ మాట తప్పు. నేను దిద్దలేదు.

సెల్లమ్మ వెనక్కి చూసి కోడలి చెయ్యి పట్టుకుంది. ఇంకో చేతిలోని గిన్నెను మెల్లగా కొంగు కిందికి దాచుకుంది.